సమస్య: గెలిచినట్టివాడె క్రీడ నోడె

నిర్వాహకుడు: ఒలింపిక్ హాకీ చరిత్ర తిరగేస్తుంటే తట్టిన పాదం ఇది. స్టిక్కు పట్టిన చేత్తోనే తుపాకీ పట్టినవాళ్ల మీద పూరిస్తే మరీ సంతోషం.

బ్రాడీపేట మాస్టారు:

నాల్గు గోలు గొట్టి నాడు లండను నందు
పసిడి పతక మంది ప్రజలు పొగడ
పియవె నదికి దరిని పెనుపోరులో గూలె
గెలిచినట్టివాడె క్రీడ నోడె.

ఈయన రెగీ ప్రిడ్మోర్. 1908 ఒలింపిక్స్ ఫైనల్లో ఇంగ్లండ్ 8-1తో ఐర్లండ్‌ను ఓడిస్తే, అందులో నాలుగు ఈయనవే. 1952లో మన బల్బీర్ సింగ్ ఐదు కొట్టేదాకా ఫైనల్లో అదే రికార్డు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళంలో మేజర్. 1918 మార్చి 13న ఇటలీలో చనిపోయేనాటికి 32 ఏళ్లు నిండలేదు.

కృష్ణలంక: మొదటి పాదం పరుగే పరుగు మాస్టారూ. కానీ ఆ 'పియవె' ఏమిటండీ? నది పేరు పియావె. దీర్ఘం మింగేసి ఆటవెలది ఛందస్సుకు కావలసిన సూర్యగణం నింపారు. మొన్న అమరావతిని 'అమరవతి' చేసిందీ తమరే.

బ్రాడీపేట మాస్టారు: అమరావతి గొడవ అప్పుడే తేలిపోయింది. పరదేశపు పేరును పద్యానికి తగ్గట్టు కుదించుకునే వెసులుబాటు కవికి ఉంది.

పటమట: నా బాధ దీర్ఘం గురించి కాదండీ. మిలిటరీ క్రాస్ అనే శౌర్య పతకం తెచ్చుకున్న సైనికుడు ప్రాణమిస్తే 'ఓడె' అంటామా? ఆ జట్టులోనే ఆడిన స్టాన్లీ షోవెలర్ కూడా యుద్ధానికి వెళ్లి అదే పతకం తెచ్చుకున్నాడు. బతికి వచ్చి 1920లో మళ్లీ ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. అంతమాత్రాన ఒకడు గెలిచాడు, ఒకడు ఓడాడు అనలేం కదా.

కృష్ణలంక: అందుకే నేను ఓటమిని సైనికుడి మీద పెట్టలేదు.

జర్మనుండు మొదట సాధన పోరులో
నాల్గు గోలు గొట్టి నవ్వుకొనియె
నెనిమిదిచ్చి తుదకు నేడ్పించె ధ్యాన్చందు
గెలిచినట్టివాడె క్రీడ నోడె.

1936 బెర్లిన్‌లో సాధన మ్యాచ్‌ను జర్మనీ 4-1తో గెలిచింది. ఆగస్టు 15న ఫైనల్లో మనవాళ్లు 8-1తో బదులిచ్చారు. కెప్టెన్ ధ్యాన్‌చంద్ 1922లోనే సిపాయిగా చేరినవాడు.

బ్రాడీపేట మాస్టారు: 'నాల్గు గోలు గొట్టి' నా పద్యంలోంచి నడిచొచ్చింది. పైగా పదకొండు మందిని 'జర్మనుండు' అని ఒక్కణ్ణి చేశారు.

నిర్వాహకుడు: విరుపు మాత్రం కృష్ణలంకదే. గెలిచినవాడూ ఓడినవాడూ ఒక్కడే అయ్యాడు, సైనికుడి గౌరవమూ నిలిచింది. కానీ చదివాక మనసులో మిగిలింది ప్రిడ్మోరే.

పటమట: మాస్టారూ, మూడో పాదం ఇలా చూడండి: 'నిటలి నేలమీద నెదిరి పోరుచు గూలె'. దీర్ఘం గొడవ ఉండదు.

బ్రాడీపేట మాస్టారు: 'ఎదిరి పోరుచు' బాగుందమ్మా, తీసుకుంటున్నాను.

కృష్ణలంక: 'ఓడె' మాత్రం అలాగే ఉందిగా!

నిర్వాహకుడు: అది నేనిచ్చిన పాదం, మార్చే వీల్లేదు. ఆదివారం రాత్రి దాకా పూరణలు పంపండి.