మెడలో వేగస్ ష్వానోమా: నరాన్ని కాపాడుతూ గడ్డ తీయడం ఎలా?

ఈఎన్‌టీ పీజీ:
45 ఏళ్ల పేషెంట్. దవడ కింద కుడివైపు 4 సెం.మీ. గడ్డ, నొప్పి లేదు. పక్కలకి కదులుతుంది, పైకీ కిందికీ కదలదు. నొక్కితే పొడి దగ్గు. ఎఫ్‌ఎన్‌ఏసీలో (సన్న సూదితో కణాలు తీసి చేసే పరీక్ష) ఏమీ తేలలేదు. ష్వానోమా (నరపు తొడుగు నుంచి పుట్టే గడ్డ) అయితే, అది వేగస్‌దా (స్వరపేటికకీ గుండెకీ వెళ్లే నరం), సింపథెటిక్ చైన్‌దా (వెన్నెముక పక్కన ఉండే నరాల గొలుసు)? నరం పోకుండా తీయొచ్చా సర్?

మెడ సర్జన్:
దగ్గొస్తోందంటే వేగసే అనుకోండి. ఎమ్మారైలో రక్తనాళాలు ఎటు జరిగాయో చూడండి. వేగస్ గడ్డ కెరోటిడ్ ధమనికీ జుగులార్ సిరకీ మధ్య పెరిగి రెంటినీ విడదీస్తుంది. సింపథెటిక్ గడ్డ రెంటినీ కలిపే ముందుకి నెడుతుంది. ఒక్కోసారి ఈ గుర్తు కూడా తప్పుతుంది. లోపలి, బయటి కెరోటిడ్‌ల మధ్య గడ్డ దూరి వాటిని ఎడం చేస్తే అది కెరోటిడ్ బాడీ ట్యూమర్ (కెరోటిడ్ రెండుగా చీలే చోట పుట్టే, రక్తనాళాలు ఎక్కువగా ఉండే గడ్డ) కావచ్చు. అలాంటప్పుడు కోర్ బయాప్సీ (లావు సూదితో ముక్క తీయడం) జోలికి పోకండి, రక్తం ఆగదు.

ఇక ఆపరేషన్. స్వరతంతువులు కదులుతున్నాయో లేదో ముందే స్కోప్‌తో చూసి రాసిపెట్టండి. ఈఎంజీ ట్యూబ్ (స్వరతంతువుల కండరాల సిగ్నల్ పట్టే శ్వాసగొట్టం) వేస్తున్నారంటే, మానిటరింగ్ మొదలయ్యేసరికి మత్తుమందుతో ఇచ్చిన కండరాల సడలింపు మందు ప్రభావం తగ్గిపోయి ఉండాలి, లేదంటే సిగ్నల్ రాదు. దవడ అంచుకి రెండు వేళ్ల కింద, చర్మపు ముడతలో కోత. కెరోటిడ్ షీత్ (ధమని, సిర, వేగస్‌లని చుట్టి ఉండే పొర) తెరిచి, గడ్డకి పైనా కిందా నరాన్ని ముందు గుర్తుపట్టండి. నరపు పోగులు గడ్డ పైపొర మీద పరుచుకుని ఉంటాయి. స్టిమ్యులేటర్‌తో (నరానికి చిన్న కరెంటు ఇచ్చే పరికరం) తడుముతూ, స్పందన లేని చోట, పోగుల దారిలోనే నిలువుగా పైపొర కోసి లోపలి గడ్డని ఒలిచి తీయాలి. అడ్డంగా కోశారో, గొంతు పోయినట్టే. రక్తం ఆపడానికి మోనోపోలార్ కరెంటు వద్దు, రెండు మొనల మధ్యే కరెంటు పారే సన్నటి బైపోలార్ చాలు. లాగుతుంటే గుండె వేగం పడిపోవచ్చు. వెంటనే చెయ్యి ఆపి అనస్థీషియా వాళ్లకి చెప్పండి.

ఈఎన్‌టీ పీజీ:
పైపొర కొంచెం మిగిలితే మళ్లీ పెరగదా?

మరో సర్జన్:
పెరగడం అరుదు. దానికోసం నరాన్ని బలిచేయక్కర్లేదు. నరం మిగిలినా కొన్నాళ్లు గొంతు బొంగురుపోతుంది, నీళ్లు తాగితే పొరబోతుంది. ఈ మాట సంతకానికి ముందే పేషెంటుకి చెప్పాలి. మొదటిరోజు చిక్కటి ఆహారం, గడ్డం ఛాతీకి ఆనించి మింగడం నేర్పండి. స్వరతంతువు కదలకపోతే ఇంజెక్షన్ లారింగోప్లాస్టీ (సూదిమందుతో తంతువుని ఉబ్బించడం), ఆర్నెల్లు దాటినా తేరుకోకపోతే థైరోప్లాస్టీ (తంతువుని లోపలికి జరిపే ఆపరేషన్). సింపథెటిక్‌దైతే గొంతు బాగానే ఉంటుంది, కానీ ఆ పక్క కనురెప్ప వాలి కంటిపాప చిన్నదవుతుంది. మొదటి ముద్ద కొరకగానే చెవి కింద జివ్వున నొప్పి రావచ్చు.

ఇంకోమాట. వయసు పైబడి, ఇబ్బందేమీ లేనివాళ్లకి ఏడాదికోసారి ఎమ్మారై తీస్తూ ఆగడమే మేలు. ఇవి బాగా మెల్లగా పెరుగుతాయి, క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు.