సోమవారం వీసీ (వీడియో కాన్ఫరెన్స్) మేమే పెట్టాలి, ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న (మండల పరిషత్ ఆఫీసు, కంప్యూటర్ ఆపరేటర్)

అందరికీ నమస్కారం. కలెక్టర్ గారి వీసీ అయితే మాకు లింకు వస్తుంది, టీవీకి కేబుల్ తగిలించి కూర్చుంటాం. ఈసారి అలా కాదు. సోమవారం పదిన్నరకు మా ఎంపీడీవో మేడమ్ పంచాయతీ కార్యదర్శులందరితో తాగునీటి మీద సమీక్ష పెడుతున్నారు. ఈ ఎండల్లో అందరినీ మండలానికి రప్పించడం ఎందుకు, వీసీలోనే కానిచ్చేద్దాం అన్నారు. మొత్తం 26 పంచాయతీలు. ఏర్పాట్లన్నీ నా మీద పడ్డాయి. జూమ్‌లో ఉచిత ఖాతా ఉంది, సరిపోతుందా? పక్క మండలం వాళ్ళకు సగం టైము ‘హలో, వినపడుతోందా సార్’ అనడానికే పోయిందట. అదే నా టెన్షన్.

జవాబు (జిల్లా ఆఫీసు, సాంకేతిక సిబ్బంది)

ఉచిత జూమ్‌లో వంద మంది వరకు రావచ్చు గానీ 40 నిమిషాలకు మీటింగ్ ఆగిపోతుంది. మీ 26 ఊళ్ళకు తలా రెండు నిమిషాలు వేసుకున్నా 52 నిమిషాలు. మేడమ్ మాట్లాడేది అదనం. గూగుల్ మీట్ ఉచిత ఖాతాకు కూడా ముగ్గురు, అంతకు మించి ఉంటే 60 నిమిషాలే.

ఇంకో మాట. 2020 ఏప్రిల్‌లో కేంద్ర హోం శాఖ ఇచ్చిన సూచనల్లో, ప్రభుత్వ అధికారులు ఆఫీసు పనులకు జూమ్ వాడకూడదని స్పష్టంగా ఉంది. మీది సర్కారు సమీక్ష. కాబట్టి కలెక్టరేట్‌లో ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) జిల్లా అధికారి డీఐవో గారికి మేడమ్ చేత ఈరోజే లెటర్ పెట్టించండి. ఎన్‌ఐసీకి సొంతంగా భారత్ వీసీ అనే వీడియో మీటింగ్ సదుపాయం ఉంది, లింకు ఎలా తీసుకోవాలో వాళ్ళే చెబుతారు. ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి అడిగితే మాత్రం పని కాదు.

జవాబు (సీనియర్ అసిస్టెంట్, వేరే జిల్లా)

తమ్ముడూ, ఏ యాప్ అయినా సరే, ముందు చూసుకోవాల్సింది మాట. బొమ్మ ఆగిపోయినా సమీక్ష నడుస్తుంది, మాట తెగితే ఇక సమీక్షే లేదు.

గీ అని కూత ఎందుకొస్తుందో తెలుసుకుంటే సగం గొడవ తీరినట్టే. ఒకే గదిలో రెండు ఫోన్లు మీటింగ్‌లో ఉంటాయి. ఒక దాని స్పీకర్లోంచి వచ్చే మాటను రెండో దాని మైకు పట్టి మళ్ళీ మీటింగ్‌లోకి పంపిస్తుంది. అది తిరిగి మొదటి దాంట్లో పలుకుతుంది. ఆ చక్రం ఆగదు. పంచాయతీ ఆఫీసులో కార్యదర్శి ఒక ఫోన్లో, ఫీల్డ్ అసిస్టెంట్ పక్క కుర్చీలో ఇంకో ఫోన్లో చేరతారు చూడండి, కూత అక్కడ పుడుతుంది. అప్పుడు మైకు ఆపేస్తే చాలదు, రెండో ఫోన్ స్పీకర్ కూడా ఆపాలి. అందుకే ‘ఒక ఊరికి ఒకటే ఫోన్’ అని మెసేజ్‌లోనే రాసేయండి.

మీ హాల్లోనూ అదే రూలు. మేడమ్, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు, ఈవోపీఆర్డీ (పంచాయతీల విస్తరణాధికారి) గారు ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చోవాలి. టీవీ చూడ్డానికి మాత్రమే. ఫ్యాన్ సరిగ్గా మైకు మీదికి తిరిగి ఉంటే అవతల వాళ్ళకు గాలిహోరు తప్ప ఏమీ వినపడదు. వీలైతే వైర్ ఉన్న చిన్న మైకు ఒకటి మేడమ్ ముందు పెట్టండి.

నెట్‌కు వైఫై నమ్ముకోకుండా కేబుల్ తగిలించండి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది గానీ, నెట్ మోడెం ఆగిపోతుంది. ఆ సంగతి చాలామందికి తట్టదు. మోడెం ప్లగ్గు కూడా యూపీఎస్‌లోనే ఉండాలి. వేరే నెట్‌వర్క్ సిమ్ ఉన్న ఫోన్లో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి.

జవాబు (పంచాయతీ కార్యదర్శి)

అవతలి వైపు నుంచి నా మాట కూడా వినండి. మాలో చాలామందిమి ఫోన్లోనే చూస్తాం. మీరు ఇరవై కాలమ్‌ల ఎక్సెల్ షీటు స్క్రీన్ మీద పెడితే మాకు చీమల బారు కనిపిస్తుంది. ఊరు, బోర్లు ఎన్ని, పనిచేస్తున్నవి ఎన్ని, ట్యాంకర్ కావాలా అన్న నాలుగు కాలమ్‌లు చాలు, అవీ పెద్దవి చేసి పెట్టండి.

నమూనా ముందే పంపిస్తే పీడీఎఫ్ పంపండి. అను ఫాంట్లో టైపు చేసిన వర్డ్ ఫైలు ఆ ఫాంటు లేని చోట తెరిస్తే ఒక్క అక్షరం తెలుగులో కనిపించదు.

పేర్ల సంగతి కూడా చూడండి. లిస్టులో సగం మంది ‘రెడ్‌మీ’, ‘గెలాక్సీ’ అని ఉంటారు. మేడమ్ ఎవరిని పిలవాలి? చేరేటప్పుడే ఊరి పేరు ముందు, తన పేరు తర్వాత పెట్టమనండి. పిలిచే వరుస కూడా ముందే ఇస్తే, మా వంతు వచ్చేసరికి రిజిస్టరు తెరిచి పెట్టుకుంటాం.

మళ్ళీ ప్రశ్న (కంప్యూటర్ ఆపరేటర్)

చాలా థాంక్స్ అండీ. లెటర్ సంతకానికి పెట్టాను. మేడమ్ తన ల్యాప్‌టాప్‌లోనే పెడదాం అంటున్నారు, మీటింగ్ కూడా తనే నడుపుతారట. ఫర్వాలేదా?

జవాబు (సీనియర్ అసిస్టెంట్)

ల్యాప్‌టాప్ మేడమ్‌ది అయినా మౌస్ మీ చేతిలో ఉండాలి. సమీక్ష చేసేవాళ్ళు ‘ఎవరయ్యా మైకు ఆపనిది’ అని వెతుక్కుంటూ కూర్చోకూడదు. లోపలికి రానివ్వడం, అందరినీ మ్యూట్ చేయడం, వంతు వచ్చినవాళ్ళకు మైకు తెరవమని చెప్పడం మీ పని. స్క్రీన్ షేర్ అధికారం మీ దగ్గరే ఉంచుకోండి. షేర్ చేసేటప్పుడు మొత్తం స్క్రీన్ కాకుండా ఆ ఒక్క ఫైలు విండోనే ఎంచుకోండి. లేకపోతే మేడమ్‌కు వచ్చే వాట్సాప్ మెసేజ్‌లు మండలమంతా చదువుతుంది.

జవాబు (లాయరు)

వేరేవాళ్ళ ల్యాప్‌టాప్ అంటే వీడియోలో ముఖాన్ని మార్చేసే ఫిల్టర్లు ఆన్‌లో ఉన్నాయేమో కూడా చూసుకోండి. 2021లో అమెరికాలోని టెక్సాస్ కోర్టు విచారణలో ఒక లాయరు గారు జూమ్‌లో పిల్లి ముఖంతో ప్రత్యక్షమయ్యారు. తీయడం రాక, ‘నేను పిల్లిని కాదు’ అని జడ్జి గారికి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది.

ఫోన్లో చేరేవాళ్ళు డు నాట్ డిస్టర్బ్ పెట్టుకోవాలి. మాట్లాడుతుండగా కాల్ వస్తే మాట తెగుతుంది. వెనక కిటికీ ఉంటే మనిషి నల్లగా కనిపిస్తాడు, కిటికీకి ఎదురుగా కూర్చోమనండి. రికార్డు చేసేటట్టయితే మొదట్లోనే అందరికీ చెప్పడం పద్ధతి.

మళ్ళీ ప్రశ్న (కంప్యూటర్ ఆపరేటర్)

చివరిగా ఒక్కటి. మినిట్స్ (మీటింగ్‌లో అనుకున్న వాటి నోటు) రికార్డింగ్ చూసి తర్వాత రాసుకోవచ్చా?

జవాబు (సీనియర్ అసిస్టెంట్)

గంటకు పైగా నడిచిన రికార్డింగ్ మళ్ళీ విని రాసే ఓపిక ఎవరికీ ఉండదు. మీరు మౌస్ దగ్గర ఉంటారు కాబట్టి రాసే పని ఇంకొకరికి అప్పగించండి. ఊరు, సమస్య, ఎవరు చేయాలి, ఏ తేదీలోపు అని నాలుగు గళ్ళు గీసుకుంటే మీటింగ్‌లోనే పూర్తవుతుంది. చాట్‌లో ఎవరైనా అంకెలు పెడితే ముగించకముందే కాపీ చేసుకోండి, తర్వాత దొరకకపోవచ్చు. చివర్లో ఆ నాలుగో గడి తేదీలను మేడమ్ చేత పైకి చదివించండి. ‘నాకు వినపడలేదు సార్’ అనడానికి అప్పుడు వీలుండదు. సాయంత్రానికి సంతకం చేయించి గ్రూపులో పెట్టండి. ఏఈ గారికి విడిగా ఒక కాపీ ఇవ్వండి, బోరు మోటార్లన్నీ చివరికి ఆయన నెత్తిమీదికే వస్తాయి కదా.