‘వగరు మాగింది’ అనవచ్చా?

రాజోలు సభ్యుడు (మొదటి పోస్టు):

నమస్కారమండి. ఒక మాట దగ్గర ఆగిపోయాను, మీ సాయం కావాలి.

నేను పదకొండేళ్ళు టూరిస్టు ఓడల్లో వైన్ వడ్డించే పని చేసి వచ్చాను. ఇప్పుడు హోటల్ ఉద్యోగాలకి వెళ్దామనుకునే మన లంక ఊళ్ళ పిల్లలకి వైన్ రుచి చూసి చెప్పడం నేర్పుతున్నాను, తెలుగులోనే. ఇంగ్లీషు పట్టికలో బ్లాక్‌కరెంట్, గూస్‌బెర్రీ, సెడార్ చెక్క అని ఉంటాయి. వాటిలో ఒక్కటి కూడా ఈ పిల్లలు నోట పెట్టిందీ కాదు, వాసన చూసిందీ కాదు. తినని పండు పేరు చెబితే అది రుచి చెప్పడం కాదు, పాఠం అప్పజెప్పడం. అందుకని మన నోటికి తెలిసినవాటితో ఒక నోటుబుక్కు రాసుకుంటున్నాను.

కొన్ని మాటలు సులువుగానే దొరికాయి. ‘డ్రై’ వైన్‌ని ‘పొడి ద్రాక్షారసం’ అని రాయగా చూశాను, అది తప్పు. తీపి లేనిదని దాని అర్థం, ‘తీపి లేని’ అంటే సరిపోతుంది. ‘బాడీ’కి చిక్కదనం. ఇక వైన్‌కి వగరునిచ్చే టానిన్ అనే పదార్థం దగ్గరికొస్తే మనం వెతుక్కోవలసిన పనే లేదు. ఉగాది పచ్చడిలో మామిడి పిందె తిన్న ప్రతి పిల్లకీ వగరు తెలుసు. ద్రాక్ష తొక్కలోంచి, గింజలోంచి వచ్చే టానిన్లు మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేస్తాయి, దాంతో నోట్లో జారుడు పోతుంది. పులుపు, వగరు కలిసి వస్తే కొత్తవాళ్ళు తికమకపడతారు. నేను మొదటిరోజు చింతకాయ ముక్క ఇస్తాను, కాసేపాగి వక్క ఇస్తాను. పులుపుకి నోట్లో నీళ్ళూరతాయి, వగరుకి ఉన్న తడి ఆరిపోతుంది. ఆ తేడా ఒకసారి నోటికి తెలిస్తే ఇక మర్చిపోరు.

నా చిక్కల్లా పాత సీసాలతో. ఇటలీలో బరోలో అని ఒక వైన్ ఉంది, నెబ్బియోలో అనే ద్రాక్షతో చేస్తారు. అక్కడి నియమం ప్రకారం కనీసం 38 నెలలు ఉంచాలి, అందులో 18 నెలలు చెక్క పీపాలో. అంతకాలం ఉంచినా కొత్త బరోలో తాగితే పచ్చి అరటికాయ కొరికినట్టే ఉంటుంది. అలాంటిది ఇరవై ఏళ్ళు దాటిన సీసా ఒకటి ఓడలో ఒక పెద్దాయన తెరిపించి, నాకూ రెండు గుటకలు పోయించారు. గ్లాసు వంచి చూస్తే అంచు దగ్గర ఇటుకరంగు. వాసన పీలిస్తే నాకు రెండు చోట్లు గుర్తొచ్చాయి. ఒకటి కడియం నర్సరీల్లో ఎండకి వాడిన గులాబీ, రెండోది రేవులో పడవకి కొత్తగా పూసిన తారు. ఇది నా ఊహ కాదండి, బరోలోకి తారు, గులాబీ అని ఆ దేశంవాళ్ళే చెప్పుకుంటారు. నోట్లో వగరు ఉంది, కానీ నాలుకని పట్టి లాగలేదు, నిమిరినట్టు ఉంది.

ఈ సంగతి మా అమ్మకి చెప్పాను. అమ్మ అరటిపువ్వు వలిచి, తరిగి మజ్జిగలో వేస్తోంది. తలెత్తకుండానే ‘అయితే దాని వగరు మాగిందన్నమాట’ అంది.

వగరు పోవడం విన్నాను, విరగడం విన్నాను. మాగేది పండు కదా. రుచి మాగుతుందా? ఈ మాట పిల్లలకి నేర్పవచ్చా?

అమలాపురం టీచరుగారు:

బాబూ, మీ అమ్మగారు తప్పు మాట అనలేదు. వంటింట్లో మాటలు చాలా జాగ్రత్తగా ఏర్పడినవి, విడదీసి చూస్తే తెలుస్తుంది.

అరటిపువ్వు మజ్జిగలో వేస్తే వగరు ‘విరుగుతుంది’. వేరే పదార్థం వచ్చి దాని జోరు తగ్గించింది కాబట్టి విరగడం. చేదు విరగడానికి బెల్లం వేస్తాం, అదీ అంతే. ఉడికించి నీళ్ళు వంచేస్తే వగరు ‘పోతుంది’, అది నీళ్ళతో బయటికి వెళ్ళిపోయింది. ఏమీ కలపకుండా, ఏమీ తీసెయ్యకుండా, కాలం గడిచి దానంతట అదే మెత్తబడితే? దానికి విరగడం కుదరదు, పోవడం అంతకన్నా కుదరదు. మిగిలింది మాగడమే.

వగరుని మన పెద్దలు ఆరు రుచుల్లో ఒకటిగా లెక్కపెట్టారు, సంస్కృతంలో కషాయం. ఈనాటి శాస్త్రం అది రుచి కాదు, స్పర్శ అంటుంది. మీరు చెప్పిన ‘జారుడు పోవడం’ అదే. రుచిని చెప్పడానికి స్పర్శని వాడుకోవడం మనకి కొత్త కాదు. కావ్యాల గురించి ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అన్నారు కదా. నోట్లో వేసుకోగానే కరిగేది, తొక్క ఒలిస్తే అందేది, పెంకు పగలగొడితే గాని దొరకనిది. ఆ పెద్దలు కవిత్వాన్ని నోటితో కొలిచారు.

భీమవరం సభ్యుడు:

టీచరుగారి మీద గౌరవంతోనే అంటున్నాను, ‘మాగడం’ నాకు నచ్చలేదండి. మాగేది గడ్డిలో వేసిన మామిడికాయ. వైన్ ద్రవం. ద్రవంలో ఉండేదానికి ‘ఊరడం’ ఉంది. ఆవకాయ ఊరింది, ఉసిరికాయ ఊరింది. ‘ఊరిన వైన్’ అంటే సరిపోదా?

రాజోలు సభ్యుడు:

మీ మాట మీద రెండురోజులు ఆలోచించానండి. ఊరడమంటే ఒకదాని సారం ఇంకోదానిలోకి దిగడం. ముక్కలోకి ఉప్పూ కారమూ దిగుతాయి, ముక్క రసం పిండిలోకి దిగుతుంది. వైన్‌కి అది జరిగేది పీపాలో ఉన్నప్పుడు. ఓక్ చెక్కలోని వాసన, వగరు వైన్‌లోకి దిగుతాయి. అక్కడ ‘ఊరింది’ అనాలి, మీ మాట నోటుబుక్కులో రాసుకున్నాను. సీసాలోకి వెళ్ళాక దానిలోకి దిగేది ఏమీ లేదు. బిరడా వైపునుంచి అందే గాలి కూడా చాలా కొంచెం. లోపల ఉన్నవే ఒకదానితో ఒకటి కలిసి మారతాయి. టానిన్లు, రంగు పదార్థాలు జతకట్టి పెద్దవవుతాయి, కొంత అడుగుకి దిగిపోతుంది. అందుకే ఎర్ర వైన్ ఏళ్ళు గడిచేకొద్దీ రంగు పలచబడుతుంది. తెల్ల వైన్ దానికి తిరగబడి, ముదిరి తేనెరంగుకి వస్తుంది.

ఇంకో సంగతి చెప్పాలి. పచ్చి అరటికాయలో ఉన్న వగరు, పండయ్యాక ఎక్కడికి పోయింది? చాలావరకు ఎక్కడికీ పోలేదు. పండేటప్పుడు ఆ టానిన్లు కలిసి గట్టిపడి, లాలాజలంలో కరగకుండా అయిపోతాయి, అందుకని నాలుకకి తెలియవు. సీసాలో జరిగేది అచ్చంగా ఇదే అనను, దాని దారి వేరు. కానీ ఉన్న వగరు లోపలే ఉండి తీరు మార్చుకోవడం రెండింటికీ ఉంది. అందుకే అమ్మ మాటని వదలబుద్ధి కావడం లేదు.

పాలకొల్లు పెద్దాయన:

ఆయ్, ఇంత చర్చ ఎందుకు? మన తాటికల్లుకి మాటలు లేవా? తీపి కల్లు, పులిసిన కల్లు, ఘాటు, నురగ. అవే వైన్‌కీ వాడుకోండి.

అమలాపురం టీచరుగారు:

అన్నయ్యగారూ, కల్లు మాటలు మంచివే. కానీ కల్లుకి ముసలితనం లేదు. పొద్దున్న చెట్టు దించితే సాయంత్రానికి పులుపు ఎక్కుతుంది, మర్నాటికి పారబొయ్యాలి. రోజు దాటని దానికి ఏళ్ళ గురించి మాటలు ఎలా పుడతాయి? ‘పులిసిన వైన్’ అంటే మనవాళ్ళు చెడి వెనిగర్ అయ్యిందనే అనుకుంటారు.

కాలం గడిస్తే బాగుపడే వస్తువుల మాటలు మన డెల్టాలో గాదెలోనూ జాడీలోనూ ఉన్నాయి. పాత బియ్యం అన్నప్పుడు ‘పాత’ పొగడ్త. కొత్త బియ్యం ముద్దవుతుంది, పాతవి పలుకు విడివిడిగా వస్తాయి. బట్ట పాతదైతే ఎవరూ మెచ్చుకోరు. ఏ వస్తువు పక్కన పెట్టామన్నదాన్ని బట్టి ‘పాత’ విలువ మారుతుంది. వైన్‌ని బియ్యం పక్కన కూర్చోబెట్టండి.

రాజోలు సభ్యుడు:

అన్ని వైన్లూ బియ్యం పక్కన కూర్చోవండి. ఎక్కువ భాగం రెండు మూడేళ్ళలో తాగేయడానికి చేసినవే, దాచితే నీరసపడతాయి. వగరు, పులుపు బలంగా ఉన్నవే నిలుస్తాయి. మాగడానికి ముందు పచ్చితనం ఉండాలి కదా.

యానాం సభ్యుడు:

మా ఊరు 1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉంది కాబట్టి నాకూ ఒక మాట చెప్పే హక్కుంది. మదీరా అనే వైన్ మన ‘మదిర’ నుంచే వచ్చిందని విన్నాను. నిజమేనా?

అమలాపురం టీచరుగారు:

కాదు నాయనా. మదీరా అట్లాంటిక్‌లో ఒక దీవి. పోర్చుగీసు భాషలో ఆ మాటకి కలప అని అర్థం, లాటిన్‌లో పదార్థం అనే అర్థమున్న ‘మటీరియా’ దానికి మూలం. మన మదిర ‘మద్’ అనే ధాతువునుంచి వచ్చింది. చెవికి ఒకటిగా వినపడినంతమాత్రాన చుట్టాలు కారు.

రాజోలు సభ్యుడు:

మాట చుట్టం కాకపోయినా ఆ వైన్ మన ఎండకి చుట్టమే. పీపాలు ఓడల్లో వేడి సముద్రాల మీదుగా వెళ్ళి వచ్చాక రుచి పెరిగిందని గమనించి, తర్వాత వేడి చేసే పద్ధతులే పెట్టుకున్నారు. మిగతా వైన్లకి ఆ సుఖం లేదు. 12, 13 డిగ్రీల దగ్గర, చీకట్లో ఉండాలి. మన మే నెలలో అటక మీద పెడితే మాగదు, ఉడుకుతుంది.

వాసనల్లో మీరందరూ నాకు ఇచ్చినవి రాసుకున్నాను. ఫ్రాన్సులోని బోర్దో ప్రాంతపు పాత ఎర్ర వైన్‌లో పొగాకు వాసన అంటారు, మన పిల్లలు లంక పొగాకు ఆరబెట్టిన పాక తలుచుకుంటే చాలు. రీస్లింగ్ అనే తెల్ల వైన్ పాతబడితే వచ్చే వాసనకి కిరసనాయిలు అంటే ఇక వివరణ అక్కర్లేదు. బిరడా చెడి వైన్ పాడైతే అట్ట తడిసిన వాసన అని ఇంగ్లీషులో అంటారు. మన ‘ముక్కిన వాసన’ దానికన్నా బాగా పట్టుకుంది. చెమ్మ తగిలిన బియ్యం డబ్బా మూత తీసిన ఎవరికైనా అది వెంటనే తెలుస్తుంది.

కాకినాడ సభ్యురాలు:

విషయం కొంచెం పక్కకి వెళ్తుంది, క్షమించండి. ద్రాక్షారామంలో ద్రాక్ష ఉందా?

అమలాపురం టీచరుగారు:

దక్షుడి ఆరామం, దాక్షారామం అని స్థలపురాణం. శ్రీనాథుడు భీమేశ్వర పురాణం చెప్పింది ఈ క్షేత్రం గురించే. జనం నోట్లో ద్రాక్షారామం అయ్యింది. తెలిసిన పండు తెలియని పేరులోకి దూరడం భాషలో తరచూ జరుగుతుంది.

రాజోలు సభ్యుడు:

చివరగా ఒకటి అడుగుతాను. పాత సీసా అడుగున దిగినదాన్ని ఏమనాలి? అది కదలకుండా పైది వేరే గాజు కూజాలోకి పోయడాన్ని ఏమనాలి? ‘వడకట్టడం’ కాదు, గుడ్డ వాడం. సీసాని ఒకరోజు ముందే నిలబెట్టి, మెడ కింద దీపం పెట్టి, ఒక్క దమ్ములో వంచుతాం. అడుగుది మెడదాకా రాగానే ఆపేస్తాం.

పాలకొల్లు పెద్దాయన:

అడుగుది మడ్డి. నూనె డబ్బాలో దిగేదానికి అదే మాట. ఇక పని సంగతి. మా చిన్నప్పుడు వరద వస్తే గోదావరి నీళ్ళు ఎర్రగా ఉండేవి. మా నాయనమ్మ ఇండుపగింజ అరగదీసి బిందెలో కలిపేది. తెల్లారేసరికి బురద దిగి నీళ్ళు తేరేవి. అప్పుడు బిందె కదపకుండా పైనుంచి తేట వంచుకునేవాళ్ళం. ‘తేర్చి వంచడం’ అనేవాళ్ళు.

రాజోలు సభ్యుడు:

పెద్దాయనగారూ, మీకు దణ్ణం. ఇండుపగింజ పని వైన్‌కీ ఉంది. సీసాలో పోయకముందు తేటపడడానికి గుడ్డు తెల్లసొన కలుపుతారు, అది టానిన్లను పట్టుకుని అడుగుకి దిగుతుంది. టీచరుగారి లెక్కలో అది వగరు విరగడం కిందికి వస్తుంది.

మడ్డి, తేర్చి వంచడం, పీపాలో ఊరడం, సీసాలో మాగడం. నాలుగూ రాసేశాను. ఆదివారం క్లాసులో పాత వైన్ సీసా ఎలాగూ లేదు. కాలవ నీళ్ళు ఒక సీసాలో రాత్రే నిలబెట్టి ఉంచుతాను, పిల్లలు ముందు వాటిని వంచడం నేర్చుకుంటారు.