మర్రాకేష్ తివాచీల బజారులో ‘దల్లాల్’, మన ‘దళారి’ ఒకరేనా?

పదాలపోగు:
మొరాకోలోని మర్రాకేష్ నగరపు తివాచీల బజారు మీద ఒక వ్యాసం తెలుగులోకి వస్తోంది. అందులో ‘దల్లాల్’ అనే మనిషి మాటిమాటికీ కనిపిస్తాడు. తివాచీ భుజాన వేసుకుని కొట్టుకొట్టుకూ తిరుగుతూ ధర కేక వేస్తుంటాడు. ఇతన్ని ‘దళారి’ అని రాయవచ్చా? ‘జర్బియా’, ‘హన్బల్’ అని రెండు రకాల నేతలున్నాయి, రెండింటికీ ‘తివాచీ’ సరిపోతుందా? బేరం చివర ‘సాఫీ’ అంటారట, అదేమిటి? ధరలు మొరాకో డబ్బు దిర్హాముల్లో కాక ‘రియాల్’లో ఉన్నాయి, అది కూడా తేలాలి.

మాటమూలం:
మాట ఒకటే, మనిషి వేరు. అరబ్బీలో ద-ల-ల ధాతువుకు చూపించడం, తెలియజెప్పడం అని అర్థం. రుజువుకూ దారి చూపేవాడికీ వాడే ‘దలీల్’ కూడా అందులోంచే వచ్చింది. సరుకును నలుగురికీ చూపించి ధర చెప్పేవాడు దల్లాల్. ఆ మాటే ఉర్దూ మీదుగా మన దాకా వచ్చి దళారి అయింది, కన్నడంలో దల్లాళి అయింది.

అయితే తెలుగులో దళారి అనగానే రైతుకూ మార్కెట్టుకూ మధ్య దూరి ఇద్దరి దగ్గరా తినేవాడే గుర్తొస్తాడు. మర్రాకేష్ దల్లాల్ అలాంటివాడు కాదు. అక్కడి రహ్బా కదీమా అనే మైదానం పక్కన తివాచీల బజారు ఉంది, దాన్ని ‘సూక్ జ్రాబీ’ అంటారు. మధ్యాహ్నం దాటాక అక్కడ వేలం నడుస్తుంది. అమ్మేవాళ్లు సరుకు దల్లాల్ చేతిలో పెడతారు. అతను చుట్టూ ఉన్న కొట్ల ముందు తిరుగుతూ, అప్పటిదాకా పలికిన ధర అందరికీ వినిపించేలా చెబుతాడు. ఎవరైనా పెంచితే కొత్త ధర కేక వేస్తూ మళ్లీ తిరుగుతాడు. మన వేలంలోలా ‘మూడోసారి’ అనగానే ఖాయం కాదు. చివరి ధరకు అమ్మేవాళ్లు ఒప్పుకోవాలి, నచ్చకపోతే సరుకు వెనక్కి తీసుకోవచ్చు.

కాబట్టి ‘వేలం వేసేవాడు’ అని రాయండి. ‘పాటగాడు’ మాత్రం వద్దు. మన వాడుకలో పాట పాడేది కొనేవాడు, అర్థం తలకిందులవుతుంది. ఆ చోటుకు ఫ్రెంచివాళ్లు పెట్టిన పేరు కూడా ‘క్రియే బెర్బేర్’, అంటే మొరాకో మూలవాసులైన బెర్బర్ల వేలం. 1912 దాకా అక్కడ బానిసలను కూడా వేలం వేసేవారు. వ్యాసంలో ఆ ప్రస్తావన ఉంటే మెత్తబరచకుండా అలాగే ఉంచండి.

సూక్‌దారి:
తెలుగు అర్థంలో దళారి కూడా ఆ బజారులో ఉన్నాడు, అతని పేరే వేరు. జమా అల్ ఫ్నా మైదానం దాటగానే పక్కన నడక కలిపి, “బెర్బర్ల సంత ఈ ఒక్కరోజే” అంటూ ఒక కొట్టుకు తీసుకెళ్లేవాణ్ణి అక్కడ ఫ్రెంచి మాటతో ‘ఫో గీద్’ అంటారు, అంటే దొంగ గైడు. కొట్టువాడు అతనికిచ్చే కమీషన్ మీ ధరలోనే కలుస్తుంది. లైసెన్సున్న గైడు తీసుకెళ్లినా చాలాసార్లు ఇదే లెక్క. వ్యాసంలో వీళ్లు తగిలితే ‘దళారి’ అక్కడ నిక్షేపంగా వాడండి.

బేరం సంగతి కూడా స్పష్టంగా రాయాలి. ‘చెప్పిన ధరలో మూడో వంతుకు అడగాలి’ అనే సూత్రం నమ్మదగింది కాదు. ఆ సూత్రం కొట్టువాళ్లకూ తెలుసు, అందుకు తగ్గట్టే పెంచి చెబుతారు. ముందు ముహమ్మద్ 5 అవెన్యూలోని ప్రభుత్వ హస్తకళల ప్రాంగణం ‘ఆన్సాంబ్ల్ ఆర్టిజనాల్’కు వెళ్లి, అక్కడ రాసిపెట్టి ఉండే ధరలు చూసుకుంటే ఒక అంచనా వస్తుంది. ఇక మీ నోటితో ఒక ధర అని, అతను సరే అన్నాక వెనక్కి తగ్గడం అక్కడ పెద్ద తప్పు. కొనే ఉద్దేశం లేకపోతే అసలు ధర పలకకూడదు.

పడుగుపేక:
జర్బియా, హన్బల్ రెండింటినీ కలిపేయకండి. జర్బియాకు పడుగు మీద ముడులు వేసి, కొసలు కత్తిరించి బొచ్చు నిలబెడతారు. అది తివాచీయే, మన ఏలూరు తివాచీల జాతి. హన్బల్‌కు ముడి ఉండదు, బొచ్చు ఉండదు, పడుగూ పేకా అంతే. అది వరంగల్ జంపఖానాకు దగ్గర. పాత గుడ్డపీలికలతో చేసేది ‘బుషరవీత్’, దాని పేరు అలాగే ఉంచడం మేలు. బెనీ వరాయిన్ అంటే మధ్య అట్లాస్ కొండల తివాచీ. రంగు వేయని తెల్ల ఉన్ని మీద ముదురు గీతలతో డైమండ్ గళ్లు ఉంటాయి. ఈ పేరు పెట్టి అమ్మేవన్నీ అక్కడివి కావు.

సరుకు పరీక్ష గురించి వ్యాసంలో ఉంటే ఈ మాటలు పనికొస్తాయి. తివాచీని తిరగేస్తే వెనక ముడులు వరసగా కనిపించాలి. గుడ్డ అంటించి ఉంటే అది ముడినేత కాదు. అంచు కుచ్చు పడుగు పోగులకు కొనసాగింపై ఉండాలి, విడిగా కుట్టినది కాకూడదు. తడిపిన తెల్ల రుమాలుతో గట్టిగా రుద్దితే రంగు దిగకూడదు. బొచ్చు వేళ్లతో విడదీసి చూసినప్పుడు మొదలు దగ్గర రంగు కొట్టొచ్చినట్టుండి పైన వెలిసిపోయి ఉంటే, పాతదని చెప్పడానికి కొత్త సరుకును ఎండకేసి ఉండవచ్చు.

కాల్చి చూసే పరీక్షకు కొట్టువాణ్ణి అడిగి ఒక పోగు తీసుకోవాలి. అది బొచ్చులోంచే తీయాలి. కుచ్చులోంచి తీస్తే పడుగు పోగు వస్తుంది, పడుగు పత్తిది కావచ్చు. ఉన్నయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. ప్లాస్టిక్ నూలయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. ‘సబ్రా’, కాక్టస్ పట్టు అని అమ్మేది చాలాచోట్ల రేయాన్ అనే కృత్రిమ నూలే. అది కాగితంలా కాలుతుంది. దాన్ని తెలుగులో ‘పట్టు’ అని మాత్రం రాయకండి, చదివి కొనేవాళ్లు మోసపోతారు.

మాటమూలం:
‘సాఫీ’ అంటే సరే, ఇక అయిపోయింది అని. మన ‘బేరం తెగింది’ దానికి చక్కగా సరిపోతుంది. అరబ్బీలో అది ‘శుభ్రమైన, తేటైన’ అనే మాట. మనం ‘పని సాఫీగా సాగింది’ అనేదీ అదే. పింగాణీకి పేరుపడ్డ సఫీ ఊరికీ దీనికీ సంబంధం లేదు. ఊరి పేరు అరబ్బీలో ఆస్ఫీ, వేరే అక్షరాలతో రాస్తారు. వ్యాసంలో రెండూ ఉంటే ఊరిని ‘సఫీ’ అనీ, మాటను ‘సాఫీ’ అనీ రాయండి.

సూక్‌దారి:
రియాల్ లెక్క ఇదీ. చెలామణిలో ఉన్న డబ్బు దిర్హామే, కానీ బజారులో పెద్దవాళ్లు ఇప్పటికీ రియాల్‌లో లెక్కపెడతారు. 1 దిర్హాంకు 20 రియాళ్లు. దల్లాల్ 40,000 అంటే 2,000 దిర్హాములన్నమాట. కొందరు పాత ఫ్రాంకుల్లోనూ చెబుతారు, 1 దిర్హాంకు 100. ఆ లెక్కలో అదే తివాచీ 2,00,000 అవుతుంది. అంకె వినగానే ఏ లెక్కో అడగకపోతే చిక్కే. అనువాదంలో ‘రియాల్’ అని ఉంచి, మొదటిసారి వచ్చిన చోట దిర్హాముల్లో విలువ వాక్యంలోనే చెప్పేయండి. గల్ఫ్‌లో పనిచేసే మన పాఠకులు దాన్ని సౌదీ రియాల్ అనుకునే ప్రమాదం ఉంది.

పదాలపోగు:
అయితే వాక్యం ఇలా మారుస్తున్నాం: “వేలం వేసేవాడు తివాచీ భుజాన వేసుకుని, నలభై వేల రియాళ్లు, అంటే రెండు వేల దిర్హాములు, అని కేక వేస్తూ కొట్ల ముందు తిరుగుతాడు.”

పడుగుపేక:
బాగుంది. ఆ భుజం మీది సరుకు జర్బియానో హన్బలో మూలంలో ఒకసారి చూసుకోండి. హన్బల్ అయితే ‘తివాచీ’ తీసేసి ‘జంపఖానా’ పెట్టాలి.