డ్యూటీకి పోతే పాప పాల సంగతేంది?

ప్రశ్న (అనంతపురం): 26 వారాల సెలవు వచ్చే నెలతో అయిపోతాది. పాపకు అప్పటికి ఆరు నెలలు నిండుతాయి. పగలు తొమ్మిది గంటలు జేజి దగ్గరే ఉంటాది. పాలు పిండిపెట్టి పోతే ఈ ఎండకు నిలుస్తాయా? "పసిబిడ్డను వదిలి పోతావా" అని వచ్చినోళ్లంతా అంటావుంటే మనసు ఆగడం లేదు. ఉద్యోగం మానేస్తే ఈ బాధ తీరతాదా?

కడప నుంచి: పాల సంగతి ముందు చెప్తాను. గదిలో నాలుగు గంటలు నిలుస్తాయనే మాట 25 డిగ్రీల లెక్క. మన ఊర్లలో ఎండాకాలం 40 దాటుతాది కాబట్టి దాన్ని నమ్మొద్దు, పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాల. నాలుగు రోజులు ఉంటాయి. తలుపు అరలో వద్దు, తీసినప్పుడల్లా వేడి తగులుతాది. లోపల వెనక్కి పెట్టండి. ఒక్కో డబ్బాలో 60 నుంచి 90 మిల్లీలీటర్లే పొయ్యండి, ఎందుకంటే పాప ఎంగిలి చేసి మిగిల్చిన పాలు రెండు గంటలు దాటితే పారబొయ్యాల్సిందే. ఆఫీసులో పిండినవి ఐసు ప్యాకుల పెట్టెలో ఇంటికి తేవచ్చు.

పొయ్యి మీద కాచొద్దు, డబ్బాను గోరువెచ్చని నీళ్లలో పెడితే చాలు. పైన మీగడ తేలితే విరిగినాయని పెద్దోళ్లు పారబోస్తారు. మెల్లగా తిప్పితే కలుస్తాదని జేజికి ముందే చెప్పండి.

సీసా వద్దు, ఉగ్గుగిన్నె మేలు. రెండు మూడు వారాల ముందునుంచే రోజుకోసారి జేజి చేతనే తాపించండి, మీరు పక్కగదిలో ఉండాల. అమ్మ వాసన తగిలితే పాప గిన్నె ముట్టదు. గుక్కపట్టి ఏడ్చేదాకా ఆగకుండా, ఆకలి మొదలవుతూనే పట్టాల.

ఆఫీసులో మూడు గంటలకోసారి పిండుకోండి. చాలామంది ఇక్కడే తప్పుతారు. పిండకుంటే రొమ్ము గడ్డకట్టి నొప్పి పుడతాది, పాలూ తగ్గుతాయి.

కర్నూలు నుంచి: బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండు పాల విరామాలు చట్టంలోనే ఉన్నాయి, మామూలు విరామం కాకుండా. 50 మంది, ఆపైన పనిచేసే చోట శిశుగృహం కూడా ఉండాల. నోటిమాటగా అడగొద్దు, రాసిచ్చి నకలు దగ్గర పెట్టుకోండి.

ఆరు నిండినాక పాలతోపాటు రాగి జావ, పప్పన్నం మెత్తగా మెదిపి రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టండి. జావ చెంచాలోంచి జారిపోకూడదు, పలచనిది కడుపు నింపుతాది గాని బలమియ్యదు. ఏడాది లోపు ఉప్పు, చక్కెర, తేనె వద్దు.

ప్రొద్దుటూరు నుంచి: మానేస్తే బాధ తీరదు అక్కా. ఇంట్లో ఉండే తల్లిని "పగలంతా ఇంట్లోనే కదా, బిడ్డ చిక్కిందేమి" అంటారు. ఆ తల్లి వంట, బట్టలు, నీళ్ల పనిలో మునిగి బిడ్డ ముందు ఫోను పెట్టి, రాత్రి దానికీ కుమిలిపోతాది. ఇద్దరికీ కొలత ఒకటే: అంగన్‌వాడీలో నెలనెలా తూకం, రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ. ఈ రెండూ బాగుంటే వచ్చినోళ్ల మాట పట్టించుకోవద్దు. రెండు వారాలు దాటినా దుఃఖం, నిద్రలేమి వదలకుంటే డాక్టరును చూడండి, మనసు బాధలకు సర్కారు పెట్టిన 14416 నంబరుకు ఫోను చేసినా మాట్లాడతారు.

ప్రశ్న (అనంతపురం): సాయంత్రం నేనొచ్చేసరికి పాప కడుపు నిండి రొమ్ము పట్టకపోతే?

కడప నుంచి: మీరొచ్చే ముందు గంటన్నర జేజిని ఏమీ పట్టొద్దనండి. మరీ ఏడిస్తే రెండు చెంచాల పాలు, అంతే. కాళ్లుచేతులు కడుక్కుని వంటింట్లోకి పోకుండా ముందు పాపనెత్తుకోండి.