స్పాన్, సేన్, ఆపైన వాన

తర్జుమాకి లొంగని ప్రాసల గురించి నడుస్తోంది కదండీ, నాదీ ఒకటి. 1948లో బోస్టన్ బ్రేవ్స్ అనే బేస్‌బాల్ టీం మీద పుట్టిన నానుడి, "స్పాన్ అండ్ సేన్ అండ్ ప్రే ఫర్ రెయిన్". వారెన్ స్పాన్, జానీ సేన్ ఇద్దరూ పిచర్లు, అంటే మన బౌలర్ లాంటివాళ్ళే గానీ అక్కడ ఆట మొత్తం ఒక్కడే వేసెయ్యొచ్చు, వేశాక చెయ్యికి కొన్ని రోజులు రెస్ట్ కావాలి. అందుకే ఇవాళ స్పాన్, రేపు సేన్, ఆ తర్వాత వాన పడి ఆట ఆగిపోతే మళ్ళీ వీళ్ళిద్దరే దిగొచ్చని ఆశ. నేను "నేడు స్పాన్, రేపు సేన్, ఆపైన వాన" అన్నాను. ప్రార్థన పోయింది, అదే బాధ.

>> బాగుందండీ. కానీ మా ఊళ్ళో కప్పతల్లి ఆడేది చేను తడవాలని, ఆట ఆగాలని వాన కోరుకోవడం తెలుగులో అతుకుతుందా? "దేవుడా వాన" అంటే?

అతుకుతుందండీ, టెస్ట్ మ్యాచ్ ఓడిపోతుంటే మనమూ మబ్బు వంక చూసినవాళ్ళమే. పైగా బోస్టన్ పోస్ట్ పేపర్లో జెరాల్డ్ హెర్న్ రాసిన అసలు పద్యంలో ప్రార్థన లేదు, రెండ్రోజులు వాన పడుతుందని ఆశ మాత్రమే ఉంది. జనం నోట్లో నలిగి నలిగి అది మొక్కు అయింది. కాబట్టి వదిలేసినా తప్పు లేదనుకుంటున్నా.

నాకు ఇంకా నచ్చింది వేరే. ఇంగ్లీషులో రెయిన్‌తో ప్రాస కలిసేది సేన్‌కి, ఆ ఏడు 24 ఆటలు గెలిచింది కూడా అతనే (అక్కడ టీం గెలుపుని పిచర్ ఖాతాలో రాస్తారు), స్పాన్‌వి 15. తెలుగులోకి రాగానే ప్రాస స్పాన్ వైపు తిరిగింది, స్పాన్–వాన! సేన్‌ని 1951లో న్యూయార్క్ టీం యాంకీస్‌కి ఇచ్చేశారు, స్పాన్ మాత్రం యుద్ధంలో మూడేళ్ళు పోయి, 1946లో పాతికేళ్ళకి మొదటి గెలుపు చూసి, 1965 దాకా వేస్తూనే ఉన్నాడు. మొత్తం 363 గెలుపులు, ఎడమచేతి పిచర్లలో ఇప్పటికీ అంతకు మించి ఎవరికీ లేవు. 1963లో, 42 ఏళ్ళ వయసులో, శాన్ ఫ్రాన్సిస్కోలో అవతలి టీం పిచర్ హువాన్ మారిషాల్‌కి ఎదురుగా మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌లో ముగిసే ఆటని పదహారో ఇన్నింగ్స్ దాకా తనే వేసి, అవతలి బ్యాటర్ విల్లీ మేస్ కొట్టిన, మన సిక్సర్ లాంటి ఒక్క హోమ్ రన్‌తో 1-0తో ఓడిపోయాడు, ఆ ఆట గురించి చదివిన ప్రతిసారీ నాకు గుండె బరువెక్కుతుంది.

>> అయితే "సేన్" ముందు, "స్పాన్" తర్వాత పెట్టండి, వాన పక్కనే ఉంటుంది.

నిజమే, "నేడు సేన్, రేపు స్పాన్, ఆపైన వాన". ఇదే ఉంచుతున్నా.