వేస్ట్ మోల్డ్ పగలగొడుతుంటే పోత ముక్కు కూడా ఊడొస్తోంది

ఎం.ఎఫ్.ఏ. (లలిత కళల్లో పీజీ) శిల్పం చేస్తున్నాను. మట్టి తలకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో వేస్ట్ మోల్డ్, అంటే పోతను బయటికి తీయడానికి పగలగొట్టేసే అచ్చు తీసి, అందులో ప్లాస్టరే పోశాను. ఉలితో అచ్చు కొడుతుంటే ముక్కు, చెవుల అంచులు లేచిపోతున్నాయి. ముఖమంతా గాలి బుడగల గుంటలు. తప్పెక్కడ?

జవాబు 1
అచ్చు మొదటి పూతకు రంగు వేశారా? కలిపే నీళ్లలో కాస్త బట్టల నీలం వేసి, ఆ ప్లాస్టర్‌ని వేళ్లతో మట్టి మీద చిలకరిస్తూ అర సెంటీమీటరు మందం తేవాలి. అది గట్టిపడ్డాక అక్కడక్కడా పల్చటి మట్టినీళ్లు పూసి, పైన తెల్ల ప్లాస్టర్ రెండు సెంటీమీటర్లు. తెల్ల పొర పెచ్చులుగా ఊడొస్తుంది. నీలం కనబడగానే చెయ్యి తేలిక చేయండి, దాని కిందే మీ పోత. ఉలి మొద్దుగా ఉండాలి, ఉపరితలానికి నిటారుగా పట్టాలి. ఏటవాలుగా పడితే ముక్కు పోతుంది!

జవాబు 2
బుడగలు కలపడంలో వస్తాయండీ. కిలో ప్లాస్టర్‌కి సుమారు 700 మిల్లీలీటర్ల నీళ్లు. ప్లాస్టర్‌నే నీళ్లలో చల్లాలి, ఒకటి రెండు నిమిషాలు నాననిచ్చి, చెయ్యి నీళ్లలోనే ఉంచి మెల్లగా కలపాలి. బిగుసుకోవడం మొదలయ్యాక మళ్లీ నీళ్లు పోస్తే పోత పెళుసే.

పోసేముందు అచ్చుని నీళ్లతో తడపండి. పొడి అచ్చు పోతలోని నీటిని లాగేస్తుంది, ముఖం పిండిలా రాలుతుంది. తర్వాత సబ్బునీళ్లు మూడుసార్లు పూసి, నురగంతా తుడవాలి. మిగిలిన నురగే కంటి మూలల్లో గుంటలవుతుంది.

జవాబు 3
చెవుల్లోకి, మెడలోకి ప్లాస్టర్‌లో ముంచిన జనపనార పెట్టండి. లోపల ఇనుప చువ్వ ఉంటే ముందే ఎనామిల్ వేయండి, లేదంటే తుప్పు మరకలు పైకొస్తాయి. కడిగిన నీళ్లు సింకులో పోయొద్దు, పైపులోనే గడ్డకడతాయి.